పదో రోజు తెల్లవారుజామున గాజులు పగలకుండా చూడాలంటే: మా ఇంట్లో నేర్చుకున్న పద్ధతి

1994 నవంబరులో మా నాన్న పోయారు. అమ్మకి అప్పుడు 46 ఏళ్ళు. తణుకు దగ్గర పల్లెటూరు మాది. పదో రోజు పొద్దున నాలుగింటికి, ఇంకా చీకటి ఉండగానే, అమ్మని పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి కాలువ రేవుకి తీసుకెళ్ళారు. తల నిండా పూలు, చేతుల నిండా గాజులు, నుదుట రూపాయి కాసంత బొట్టు. పావుగంటలో అన్నీ పోయాయి. మా మేనత్త, తనూ భర్త పోయినావిడే, అమ్మ చేతులు రేవు మెట్టు మీద పెట్టించి గాజులు పగలగొట్టింది. సూత్రాలు తీసి పాలగిన్నెలో వేశారు. నేను తువ్వాలు పట్టుకుని వెనకాల నిలబడ్డాను. 24 ఏళ్ళదాన్ని, టీచర్ ట్రైనింగ్ పూర్తయినదాన్ని. నోట్లోంచి ఒక్క మాట రాలేదు.

పన్నెండేళ్ళ తరవాత ఒక మధ్యాహ్నం మా ఇంట్లో చింతపండు పిక్కలు తీస్తూ మేనత్తే ఆ మాట ఎత్తింది. "ఆ రోజు నాకు చేతులు ఆడలేదే. నావల్ల కాదని చెప్పేద్దామనుకున్నా. అన్నకి జరగాల్సింది జరగనివ్వలేదని వదిన అనుకుంటుందేమోనని చేశాను" అంది. గుమ్మంలో నిలబడి అమ్మ విన్నది. కాసేపటికి, "నేనూ వద్దని అందామనే అనుకున్నాను. అంటే నీకు కష్టంగా ఉంటుందేమోనని ఊరుకున్నా" అంది.

ఆ రోజు రేవు దగ్గర తొమ్మిది మంది ఆడవాళ్ళున్నారు. ఆ తొమ్మిది మందిలో ఆ తంతు నిజంగా కావాలనుకున్నవాళ్ళు ఎంతమందో అప్పట్నుంచీ లెక్కపెట్టుకుంటూనే ఉన్నాను. నాకు తెలిసి ఇద్దరు. మిగతావాళ్ళు పక్కవాళ్ళ కోసం చేశారు. ఆ పక్కవాళ్ళు వీళ్ళ కోసం చేశారు.

2019 ఫిబ్రవరిలో మా బావగారు పోయినప్పుడు అక్కకి 52. అక్క విషయంలో ఆ తంతు జరగనివ్వలేదు. ఆ తరవాత తెలిసినవాళ్ళ ఇళ్ళల్లో మరో ఐదు చోట్ల మాట్లాడాను. నాలుగు చోట్ల ఆగింది, ఒక చోట ఆగలేదు. వాటి నుంచి తెలుసుకున్నదంతా ఇక్కడ రాస్తున్నాను. కులాన్ని బట్టి, ఊరిని బట్టి ఏ రోజన్నదీ మారుతుంది, తంతూ మారుతుంది. మీ ఇంటి పద్ధతికి తగ్గట్టు మార్చుకోండి.

ముందు ఆమెని అడగండి

ఇంట్లో చావు జరిగిన మూడో రోజు చితాభస్మం పని అయ్యాక కొంచెం ఊపిరి ఆడుతుంది. ఆ సాయంత్రం ఆమెతో ఒంటరిగా కూర్చోవాలి. ఐదో రోజు దాటనివ్వకండి. అప్పటికి పుట్టింటివాళ్ళు తెల్లచీరో, పెట్టాల్సిన చీరో కొనేస్తారు, దూరాన ఉన్నవాళ్ళు ఎప్పుడు బయలుదేరాలో ఫోన్లు చేసుకుంటారు. ఒకసారి ఏర్పాట్లు మొదలయ్యాక మనసు మార్చుకోవడం అందరికీ కష్టం.

"ఈ తంతు వద్దని చెప్పేయమంటావా?" అని అడగకండి. భర్త పోయి మూడు రోజులైన మనిషి మీద ఒక నిర్ణయం మోపినట్టు ఉంటుంది. "ఏవి ఉంచుకోవాలనుంది?" అని అడగండి. మా అక్క చాలాసేపు మాట్లాడలేదు. తరవాత, "బొట్టు ఉంచుకుంటాను. అది చిన్నప్పటినుంచీ ఉన్నదేగా, ఆయన తెచ్చింది కాదుగా. గాజులూ అంతే. మెట్టెలు ఉండనీ. సూత్రాలు మాత్రం నేనే తీసి నా పెట్టెలో పెట్టుకుంటా, ఎవరూ ముట్టుకోవద్దు" అంది. అలాగే చేశాం. సూత్రాలు కూడా ఉంచుకోమని నేను బలవంతం చేయలేదు. ఆమె వద్దన్నది తీయించడం ఎంత తప్పో, ఆమె తీస్తానన్నది ఉంచమని పట్టుబట్టడం కూడా అంతే తప్పు.

నేను ఓడిపోయిన ఇంట్లో చేసిన పొరపాటు ఇక్కడే మొదలైంది. ఆమెని అడగలేదు. తొమ్మిదో రోజు రాత్రి, హాలు నిండా చుట్టాలుండగా లేచి నిలబడి మాట్లాడాను. ఇది అన్యాయమన్నాను, చదువుకున్నవాళ్ళు చేయాల్సింది కాదన్నాను. అన్నది నిజమే. కానీ ఆ ఇంటి పెద్దావిడకి నా మాట వినడమంటే ఇరవై మంది ముందు తల దించుకోవడం అయింది. అంతవరకు అటూ ఇటూ ఊగుతున్నవాళ్ళు కూడా ఆవిడ పక్కన చేరారు. చివరికి భర్త పోయిన ఆ అమ్మాయే లోపలినుంచి వచ్చి, "వదిలేయండి టీచరుగారూ, నా వల్ల గొడవ వద్దు" అంది. పొద్దున్నే తీసుకెళ్ళారు. ఆ అమ్మాయి వయసు 31. ఇప్పటికీ ఆమె ఎదురైతే నాకు గొంతు పట్టుకుంటుంది.

"జనం" ఎవరో పేర్లు చెప్పించండి

అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది ఇదే, అందుకే వివరంగా చెబుతాను.

మాట చెల్లేవాళ్ళు ఎవరో ముందు చూసుకోండి. మా వైపు పోయినాయన అక్కచెల్లెళ్ళ మాటకి చాలా బరువుంటుంది. తరవాత ఆమె పుట్టింటి పెద్ద. కర్మ చేసే కొడుకు. ఆ తంతు చేతుల మీదుగా చేయించే పెద్ద ఆడవాళ్ళు. వీధి అరుగు మీద కూర్చుని గట్టిగా మాట్లాడే మగవాళ్ళకి ఈ విషయంలో అసలు ప్రమేయం ఉండదు, వాళ్ళ దగ్గరికి వెళ్ళి పొద్దు పోగొట్టుకోకండి.

ఒక్కొక్కరి దగ్గరికి విడిగా వెళ్ళాలి. ఇద్దరు కలిసి ఉన్నప్పుడు కూడా అడగకూడదు, ఒకరి మొహం చూసి ఇంకొకరు జవాబు మార్చేస్తారు. నేను ముందు అక్క పెద్దాడపడుచు దగ్గరికి వెళ్ళాను. "వదినా, మీకు ఏమనిపిస్తోంది?" అన్నాను. "నాకేం పట్టింపు లేదమ్మా, మా తమ్ముడే లేకపోయాక ఆ పిల్ల నుదురు కూడా బోడిగా చూడాలా? కానీ జనం ఊరుకోరుగా" అంది. చాలామంది ఇక్కడ ఆగిపోతారు. ఆగకూడదు. "జనం అంటే ఎవరు వదినా? పేర్లు చెప్పండి, నేనే వెళ్ళి మాట్లాడతాను" అన్నాను. ఆవిడ వేళ్ళ మీద లెక్కపెట్టడం మొదలెట్టింది. మూడో వేలు దగ్గర ఆగిపోయింది.

ఆ ముగ్గురిలో ఇద్దరు, నేను వెళ్ళి అడిగితే, అచ్చం ఇదే మాట అన్నారు: నాకేం లేదు, జనం. ఆ జనంలో వాళ్ళు చెప్పిన పేరు ఆ పెద్దాడపడుచుదే!

ఏ ఆచారం వెనకైనా రెండు లెక్కలుంటాయి. నలుగురూ ఏం చేస్తున్నారు అన్నది ఒకటి. నేను చేయకపోతే నలుగురూ ఏమంటారు అన్నది రెండోది. మొదటిది కళ్ళకి కనిపిస్తుంది. రెండోది ఎవరూ అడిగి తెలుసుకోరు, ఊహించుకుంటారు. అందరి నోళ్ళూ మూసుకుని ఉన్నప్పుడు ఆ ఊహ ఎప్పుడూ కఠినమైన వైపే ఉంటుంది. అందుకే ఒకరి దగ్గర విన్నది, వాళ్ళ అనుమతితో, ఇంకొకరికి చేరవేయండి. "మీ వదినగారు కూడా ఇదే అన్నారు, మీతో చెప్పమన్నారు" అన్న ఒక్క మాటతో నా కళ్ళముందే భుజాలు దిగిన ఆడవాళ్ళని చూశాను.

నిజంగా కాదన్నవాళ్ళు

ఒకరైనా ఉంటారు. మాకు బావగారి బాబాయి. 80 దాటిన మనిషి. "వీల్లేదు" అన్నారు. ఎందుకని అడిగితే మొదట శాస్త్రం అన్నారు. నేను వాదించలేదు, కింద కూర్చుని ఊరుకున్నాను. రెండోసారి కాఫీ వచ్చేసరికి అసలు మాట బయటికొచ్చింది: "వాణ్ణి ఎత్తుకు పెంచాను. జరగాల్సింది జరక్కపోతే వాడికి దారి దొరకదేమోనమ్మా."

ఆయన ఆచారం పేరుతో మాట్లాడుతున్నా లోపలున్నది కొడుకు లాంటివాడి మీద ప్రేమ. ఆ ప్రేమని తప్పు పడితే మనకి ఆయన దగ్గర చోటే ఉండదు. కర్మ చేయిస్తున్న పురోహితుడిగారిని పిలిపించి ఆయన ముందే అడిగాను: పోయినాయనకి చేయాల్సిన వాటిలో ఇది ఉందా అని. "పిండాలు, తర్పణాలు, దానాలు అబ్బాయి చేస్తున్నాడు, ఏ లోటూ రానివ్వను. ఇది ఆడవాళ్ళ ఆనవాయితీ, నా మంత్రాల్లో దీని ప్రస్తావన లేదు" అన్నారాయన. మీ పురోహితుడు ఏమంటారో నేను చెప్పలేను, కాబట్టి పిలిచే ముందు విడిగా మాట్లాడి చూసుకోండి. బాబాయిగారు ఒప్పుకోలేదు. "అయితే ఆ పూట నేను రాను" అన్నారు. సరేనన్నాం. రానంటే ఆపను అనే అర్థం. అంతవరకు చాలు. అందరిచేతా అవుననిపించాలని కూర్చుంటే పదో రోజు వచ్చేస్తుంది.

ఇంకో సంగతి కూడా ముందే చూసుకోవాలి: కోపం వచ్చినవాళ్ళు ఏ పని ఆపగలరు? వితంతువులు మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చని చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరు 11న. చట్టం చేతిలో ఉండి కూడా పాతికేళ్ళు! అడ్డుపడ్డవాళ్ళు చట్టం జోలికి వెళ్ళలేదు, వంటవాళ్ళనీ నీళ్ళు తెచ్చేవాళ్ళనీ రాకుండా చేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు తనే గోదావరి నీళ్ళు మోసుకొచ్చి వంట చేశారని చెబుతారు. ఆచారం తప్పినవాళ్ళని ఊరు శిక్షించే తీరు ఇప్పటికీ అదే, పని చేయడానికి రాకపోవడం. అందుకని పెద్దకర్మ భోజనాల వంటమనిషితో, పురోహితుడితో, టెంటు వేసేవాళ్ళతో ఏడో రోజుకే మాట ఖాయం చేసుకోండి. మాకు ఏ ఇబ్బందీ రాలేదు, అయినా ఆ టెన్షన్ లేకుండా పడుకోగలిగాం.

ఆ పూట ఏం చేయాలి

తంతు తీసేస్తే ఆ చోట ఖాళీ మిగులుతుంది. చీకట్లో లేచి, స్నానాలు చేసి, చీరలు పట్టుకుని ఇరవై మంది ఆడవాళ్ళు వచ్చి నిలబడతారు. వాళ్ళకి ఏదో ఒకటి చేయాలని ఉంటుంది. ఊరికే కూర్చోబెడితే ఎవరో ఒకరు పాత పద్ధతి మొదలెట్టేస్తారు.

మేం ఇలా చేశాం. తెల్లవారాకే రమ్మన్నాం, ఆరున్నరకి. చీకటి ఉండకూడదని నేను పట్టుబట్టాను, ఆ చీకటే సగం భయం. రేవుకి వెళ్ళలేదు, ఇంటి వసారాలోనే. తెల్లచీర తేవద్దని మా మేనమామకి ముందే చెప్పాను. ఆయన ముదురాకుపచ్చ నేత చీర తెచ్చారు. తంతు చేయించే పెద్దావిడలు ఇద్దరినీ ముందుగా పిలిచి, చీర మీ చేతులతో కట్టబెట్టండి అని అప్పగించాం. వాళ్ళని పక్కన పెట్టేస్తే వాళ్ళకి అవమానం. వాళ్ళూ భర్తలు పోయినవాళ్ళే, ఇలాంటివి అనుభవించినవాళ్ళే. ఒక్కొక్కరూ అక్క దగ్గరికి వచ్చి బావగారి గురించి తమకి గుర్తున్న ఒక సంగతి చెప్పి, చెయ్యి పట్టుకుని వెళ్ళారు. ఎరువుల బస్తా అప్పుగా ఇప్పించిన సంగతి, పెళ్ళిలో జనరేటరు చెడిపోతే రాత్రంతా బాగుచేసిన సంగతి. ఏడుపులు వచ్చాయి. రావాల్సిన ఏడుపులు అవి.

అక్కకి బొట్టు పెట్టమని భరిణె అమ్మ చేతికిచ్చాను. అమ్మకి అప్పుడు 71. పాతికేళ్ళుగా నుదుట ఏమీ లేదు. అక్క భరిణె మీద చెయ్యి వేసి, "ముందు నువ్వు పెట్టుకో" అంది. అమ్మ నా వైపు చూసింది, మేనత్త వైపు చూసింది. మేనత్తే లేచొచ్చి అమ్మకి పెట్టింది. పాతికేళ్ళ కిందట తుడిచిన చెయ్యే.

చిన్నపిల్లల్ని ఆ పూట దూరంగా పంపేస్తారు. మేం పంపలేదు. అక్క మనవరాలు పక్కనే కూర్చుంది. ఆ పిల్ల చూసిన పదో రోజు ఇదే కాబట్టి రేపు తనకి ఇదే ఆచారం అవుతుంది.

ఈ పది రోజుల్లోనే చూసుకోవాల్సిన మామూలు పనులు కూడా ఉన్నాయి. మరణం నమోదు 21 రోజుల్లోపు చేయించండి, అప్పుడు రుసుము ఉండదు. బ్యాంకు ఖాతాలకి, బీమాకి నామినీ ఎవరో చూడండి. చనిపోయినాయన ఫోనును స్విచ్చాఫ్ చేసి మూల పడేయకండి, ఓటీపీలన్నీ దానికే వస్తాయి. గాజుల గురించి అంతమంది ఆలోచించే ఇంట్లో పాస్‌బుక్కు ఎక్కడుందో ఆమెకి చెప్పేవాళ్ళు ఒక్కరూ ఉండరు. నాకు దాని మీదే ఎక్కువ కోపం.

తరవాతి ఏడాది

పదో రోజు గెలిచేశామని అనుకుంటాం. అసలు పరీక్ష మొదటి శుభకార్యానికి వస్తుంది. పసుపు దంచేటప్పుడు, నలుగు పెట్టేటప్పుడు, పేరంటంలో వాయనం ఇచ్చేటప్పుడు ఆమెని ఎవరూ వెళ్ళిపొమ్మనరు. ఆమే వంటింట్లోకి వెళ్ళిపోతుంది. నుదుట బొట్టు ఉంది, చేతులకి గాజులున్నాయి, అయినా వెళ్ళిపోతుంది. ఎవరైనా మొహం చిట్లిస్తారేమోనని, ఎవరూ చిట్లించకముందే.

అందుకని పిలవాల్సినవాళ్ళు పిలవాలి, అదీ పేరు పెట్టి, అందరూ వినేలా, మొదటే. పెళ్ళివారింటి పెద్ద ముత్తైదువ చేత పిలిపిస్తే ఇంకా మంచిది. మా తమ్ముడి కూతురి పెళ్ళిలో మరదలు రోలు దగ్గర నిలబడి, "పెద్ద వదినగారు వస్తేగానీ పసుపు కొమ్ము వేయను" అంది. ఐదు నిమిషాలు అందరూ ఆగారు. అక్క వచ్చింది. ఆ ఐదు నిమిషాలు ఏ ఉపన్యాసమూ చేయలేని పని చేశాయి.

ఎదురు రావడం గురించి కూడా చెప్పాలి. వీధిలో ఒకావిడ అక్క కనిపిస్తే గుమ్మం దగ్గరే ఆగిపోయేది. ఆవిడతో మాట్లాడి లాభం లేదనిపించింది. మా అబ్బాయి ఉద్యోగానికి పూణే వెళ్ళే రోజు, ఆవిడ వాకిట్లో ముగ్గు వేస్తుండగా, నేను గట్టిగా, "అక్కా, నువ్వు ఎదురు రా, బాబు బయలుదేరతాడు" అన్నాను. నా కొడుకు ప్రయాణానికి నేనే ఎదురు రమ్మంటే, ఇక ఆవిడ భయానికి నా ఇంట్లో చోటు లేదని ఆవిడకే తెలుస్తుంది. నమ్మకాన్ని మాటతో చూపడం కంటే మనకి ప్రాణమైన దాని మీద పెట్టి చూపడం ఎక్కువ నిలుస్తుంది.

ఒక్క ఇల్లు చాలదు

ఒక ఇంట్లో ఆగితే చుట్టాలు దాన్ని ఆ ఇంటి ప్రత్యేకం అనుకుంటారు. టీచరుగారి ఇల్లు కదా, వాళ్ళకి చెల్లుతుంది అంటారు. నలుగురు కలిసి, నలుగురికీ తెలిసేలా మాట ఇచ్చుకుంటే అప్పుడు మారుతుంది.

మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామం 2022 మేలో ఆ పని చేసింది. సూత్రం తెంచడం, గాజులు పగలగొట్టడం, కుంకుమ తుడవడం మా ఊళ్ళో ఉండవని పంచాయతీ తీర్మానం చేసింది. అదే నెలలో మిగతా పంచాయతీలు కూడా అలా చేయాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం సూచించింది. తీర్మానంతో ఎవరినీ జైల్లో పెట్టరు. కానీ ఆ ఊళ్ళో ఇక ఏ కోడలూ "జనం ఏమంటారో" అని ఊహించుకోనక్కర్లేదు, జనం ఏమన్నారో కాగితం మీద ఉంది. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1990ల మొదట్లో ఆడవాళ్ళు చదువు నేర్చుకోవడానికి ఒకచోట కూర్చున్నాకే, సారా ఒక్క తన ఇంటి ఏడుపు కాదని ఒకరికొకరు చెప్పుకున్నారు. దుకాణం మూయించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. మీ ఊళ్ళో అలా కూర్చునే చోటు డ్వాక్రా సంఘం. కిస్తీలు కట్టడం అయ్యాక పది నిమిషాలు అడిగి తీసుకోండి. సర్పంచ్ కలిసివస్తే గ్రామసభ.

మాట ఎలా ఇచ్చుకోవాలో నాకు చైనా సంగతి నేర్పింది. అక్కడ ఆడపిల్లల పాదాలు బిగించి కట్టే ఆచారం వందల ఏళ్ళు నడిచింది. కట్టకపోతే పెళ్ళి కాదని భయం. 19వ శతాబ్దం చివర్లో దాన్ని ఆపడానికి సంఘాలు పెట్టుకున్న కుటుంబాలు రెండు మాటలు ఇచ్చుకున్నాయి: మా అమ్మాయికి కట్టం, కట్టిన పాదాల పిల్లని మా అబ్బాయికి చేసుకోం. రెండో మాట లేకపోతే మొదటి మాట ఇచ్చిన తల్లికి ధైర్యం ఎక్కణ్ణుంచి వస్తుంది?

మేమూ అలాగే ఒక నోటుబుక్కులో మూడు వాక్యాలు రాసుకున్నాం. మా ఇంట్లో ఈ తంతు చేయం. మరో ఇంట్లో చేయకపోతే మాట అనం, అననివ్వం. భర్త పోయినవాళ్ళని మా ఇంటి శుభకార్యాలకి ముందు పిలుస్తాం. మొదట నాలుగు ఇళ్ళవాళ్ళు సంతకాలు పెట్టారు. ఇప్పుడు పదకొండు ఇళ్ళు. పుస్తకం అక్క పెద్దాడపడుచు వదిన దగ్గరే ఉంటుంది, అడిగినవాళ్ళకి ఆవిడే తీసి చూపిస్తుంది. బాబాయిగారు సంతకం పెట్టలేదు. పోయిన సంక్రాంతికి ఆయన కోడలు పెట్టింది.